డబ్బాలో ఉన్నదే కంచంలోకి

ఇంటిని చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. వంటింటి బరువంతా ఇల్లాలి నెత్తినే వేసిన రోజులు గనక అలా అన్నారు. ఇప్పుడు ఇల్లాలు బ్యాంకులో లెక్కలు చూస్తున్నది. ఇంటాయన కూర తరుగుతున్నాడు. అంచేత సామెతను కాస్త సవరించి, వంటింటి అల్మారాను చూచి ఇంటిల్లిపాది ఆరోగ్యాన్నీ చూడమనవచ్చు. డాక్టరుగారు నాలుక చూపమంటారు, నాడి పట్టుకొంటారు, నెత్తురు తీసి పరీక్షకు పంపుతారు. ఆయనే ఒక్కసారి మన వంటింట్లోకి వచ్చి అల్మారా తలుపులు రెండూ తెరిచి చూస్తే, సగం సంగతి అక్కడే తెలిసిపోతుందని నా నమ్మకం.

ఎందుచేతనంటారా? రాత్రి తొమ్మిది గంటలకు పిల్లవాడు ఆకలి అన్నప్పుడు ఏం పెట్టాలో అప్పటికప్పుడు ఆలోచిస్తున్నామని మనం అనుకొంటాం. నిజానికి ఆ ఆలోచన పదిహేను రోజుల క్రితమే అయిపోయింది. ఒకటో తారీఖున సరుకుల చీటీ వ్రాసినప్పుడే అయిపోయింది. ఆ చీటీలో అటుకులు, వేరుసెనగ గుళ్ళు ఉంటే వాడు అవి తింటాడు. బిస్కెట్లు, చిప్సు పొట్లాలు ఉంటే అవే తింటాడు. ఆకలి వేసినవాడు అల్మారాతో వాదించడు. డబ్బాలో ఏది ఉంటే అదే కంచంలోకి వస్తుంది.

గాదె నిండిన ఇల్లు

మన కృష్ణా డెల్టాలో సరుకు నిలవ చెయ్యడం నేర్పవలసిన విద్య కాదు. సంక్రాంతి ముందర ధాన్యం పురుల్లోకి, గాదెల్లోకి చేరేది. శివరాత్రి దాటేసరికి కందులు, మినుములు, చింతపండు ఇంటికి వచ్చేవి. గుంటూరు మిరపకాయలు, దుగ్గిరాల పసుపు కొమ్ములు ఏడాదికి సరిపడా కొని ఎండబోసేవారు. ఎండలు ముదిరితే ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు. జ్యేష్ఠం వచ్చేసరికి అటక మీద జాడీలన్నీ గుడ్డ వాసెనలు కట్టుకొని కూర్చునేవి.

ఇది పిచ్చి కాదు, అవసరం. వానాకాలం వస్తే బళ్ళు దిగబడే దారులు. పడవలు నడిచే కాలువల్ని వేసవిలో మరమ్మతుల కోసం కట్టివేసేవారు. 1832–33లో నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టిన సంగతి తరతరాలుగా చెప్పుకొన్న దేశం మనది. ఇంట్లో ఫలానాది లేదు అనకుండా ఏడాది గడపడమే ఆ నాటి గృహస్థుకు మర్యాద, ధైర్యం కూడా.

ఇప్పుడు బెజవాడలో ఏ పేటలో చూచినా వీధి మలుపున దుకాణం ఉన్నది. ఫోనులో మాట చెబితే పావుగంటలో సరుకు గుమ్మం ముందు పెడుతున్నారు. అయినా నిలవ అలవాటు పోలేదు సరిగదా, రెండింతలైంది. పాత నిలవలో తెల్లబియ్యం, ఉప్పు, నూనె ఉన్నాయి. దాని మీద కొత్త నిలవగా పొట్లాలు వచ్చి చేరాయి. పాత రోజుల్లో ఆ తిండి తిన్నవాడు పొలం దాకా నడిచి, పనిచేసి, మళ్ళీ నడిచి వచ్చేవాడు. మనం మేడ మెట్లు కూడా ఎక్కడం మానేశాం.

బియ్యం నేర్పిన పాఠం

గాదె నిండితే కడుపు నిండుతుంది. కాని ఒంటికి కావలసినవన్నీ అందుతాయని నమ్మకం లేదు. ఈ పాఠం మన జిల్లాలే కష్టపడి నేర్చుకొన్నాయి.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు పారిన మేర వరి పండింది. తరవాత మరలు వచ్చాయి. రోకటి పోటు తగ్గి, మర పట్టిన తెల్లటి బియ్యం అన్నం అయింది. తవుడు గేదెకు, తెల్లబియ్యం మనకు. గేదె పుష్టిగానే ఉన్నది. మనుషులకు మాత్రం కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె దడ మొదలయ్యాయి. దానిపేరు బెరిబెరి. అన్నానికి లోటు లేని కోస్తా జిల్లాల్లోనే ఆ జబ్బు పాతుకొని ఉండటం ఆ రోజుల్లో వైద్యులకు వింతగా తోచింది.

దీని మర్మం మొదట అంతుచిక్కింది జావా ద్వీపంలో. ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లబియ్యం మేసిన కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, తవుడు కలిపి పెడితే మళ్ళీ లేచి తిరగడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మన దేశంలో 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి విచారణ కోసమే ఒక చిన్న పరిశోధన శాఖ పెట్టారు. పొరుగున అరవ దేశంలోనూ బియ్యమే తింటారు గదా, అక్కడ ఈ జబ్బు ఇంతగా ఎందుకు లేదు? వారు తినేది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని ముందుగా ఉడికించడం వల్ల పై పొరలోని బి విటమిను గింజ లోపలికి దిగుతుంది. తరవాత మర పట్టినా కొంత నిలుస్తుంది. మనం పచ్చి ధాన్యాన్నే మరకు వేసి, విటమినును తవుడుతోపాటు పంపించివేశాం. 1941లో కూనూరువారు ప్రకటించిన ఒక పరిశీలన ఈ బెరిబెరి ప్రాంతంలోని పసిపిల్లల మరణాల గురించే. అంటే తెల్లబియ్యం డబ్బా తల్లిపాల దాకా వచ్చిందన్న మాట.

ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు. బెరిబెరి ఇప్పుడు అరుదు. కాని అదే సంస్థ 2024లో కొత్త ఆహార సూత్రాలు ప్రకటిస్తూ, మన దేశంలో రోగభారంలో 56.4 శాతం సరికాని తిండివల్లనే వస్తున్నదని అంచనా కట్టింది. 2023లో వెలువడిన మరొక పెద్ద సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. రక్తపోటు ఉన్నవారు 31 కోట్ల పైచిలుకు. అప్పుడు గాదె నిండి విటమిను లోటైంది. ఇప్పుడు అల్మారా నిండి ఒంటికి మితం లోటైంది.

మరొక విచిత్రం చూడండి. ఆ మధ్య రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిను కలిపిన గింజలు చేర్చి ఇచ్చారు. కొందరు వాటిని ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేశారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో తయారుచేసి చూపించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే సుమా! భయపడి పారేయవలసినవి అల్మారాలో వేరే ఉన్నాయి.

చీటీకి కొలత

మంచి తిండి తినండి అని ఎవరైనా చెబుతారు. ఎంత అని చెప్పరు. ఆ పోషకాహార సంస్థ మాత్రం చెప్పింది. పెద్దవారు ఒకరికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, గుడ్డు, చేప, మాంసం అన్నీ కలిపి 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, గింజలు, పల్లీలవంటివి 35, నూనె, నెయ్యి 27 గ్రాములు. ఉప్పు 5 గ్రాములు దాటరాదు. పంచదార 25 గ్రాములలోపు. శారీరక శ్రమ ఎక్కువగా చేసేవారికి ఈ లెక్క కొంత పెరుగుతుంది.

ఈ అంకెలు పట్టుకొని నేను మా కాలేజీలో లెక్కల మాష్టారి దగ్గరకు వెళ్ళాను. తెలుగు పాఠం చెప్పేవాడికి గుణకారం దగ్గర ఒక తోడు ఉండటం మంచిది. నలుగురున్న ఇంటికి, నెలకు 30 రోజులకు ఆయన కట్టిన లెక్క ఇది: ధాన్యాలు, అంటే బియ్యం, గోధుమపిండి, రవ్వలు అన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు పదికిలోల పైన. గుడ్డూ చేపా తినే ఇంట్లో ఆ మేరకు తగ్గించవచ్చు. నూనె, నెయ్యి కలిపి మూడున్నర లీటర్లు. పంచదార, బెల్లం కలిసి 3 కిలోలు దాటకుండా. ఉప్పు 600 గ్రాములు. కూరగాయలు 48 కిలోలు!

లెక్కయిన తరవాత ఆయన జేబులోనుంచి తమ ఇంటి చీటీ తీశారు. వారూ నలుగురే. బియ్యం, పిండి, రవ్వలు కలిసి 45 కిలోలు. పప్పులన్నీ కలిసి 6 కిలోలు. నూనె 6 లీటర్లు. పంచదార 4 కిలోలు. ఉప్పు ఒక కిలో. వేసవిలో ఆవకాయలో కలిపినది, అప్పడాల్లో ఉన్నది, పొట్లాల్లో వచ్చేది ఈ లెక్కలో లేదు.

"ఇదేమిటండీ, ఎక్కువ ఉండవలసినవి తక్కువగానూ, తక్కువ ఉండవలసినవి ఎక్కువగానూ ఉన్నాయి!" అన్నారాయన.

"మీ ఒక్కరి ఇంట్లోనే కాదులెండి. స్టాఫు రూములో ఎవరి చీటీ అడిగినా ఇంచుమించు ఇదే వరస" అన్నాను.

ఇందులో బాధపడవలసినది మరొకటి ఉన్నది. వరి కోసిన పొలంలో మినుములు, పెసలు చల్లే దేశం మనది. పప్పు పండించే చోట ఉండి పప్పు దగ్గర పిసినారితనం చూపుతున్నాం. పప్పు ఖరీదు కదా అంటారు. నిజమే. నూనెలో రెండున్నర లీటర్లు, పొట్లాల్లో సగం తగ్గించి చూడండి. ఆ మిగిలిన డబ్బు పప్పు ఖరీదును చాలావరకు మోస్తుంది.

మూడు కుప్పలు

మొన్న దసరా సెలవుల్లో మా వంటిల్లు సర్దే పని నేను పెట్టుకొన్నాను. మా అమ్మకు డెబ్బై దాటాయి. రక్తపోటు ఉన్నదని తెలిసి రెండేళ్ళయింది. ఉప్పు తగ్గించాలని డాక్టరుగారు చెబితే, తన వంటకు ఎవరో వంక పెట్టినట్టు చిన్నబుచ్చుకొన్నది. అంచేత అల్మారా మీద చెయ్యి వెయ్యడం మా ఇంట్లో చిన్న వ్యవహారం కాదు.

డబ్బాలన్నీ బల్లమీద పెట్టి మూడు కుప్పలు చేశాం: ఉంచేది, ముందుగా వాడెయ్యవలసినది, పారేయవలసినది. మూడో కుప్పలో ఏవి వెయ్యాలో ఇక్కడ చెబుతాను. బూజు వాసన వేసే, రంగు మారిన వేరుసెనగ గుళ్ళను ఏరి వాడుకొందామని చూడవద్దు, మొత్తం పారేయండి. ఆ బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన ఎండుమిరపకాయలకూ ఇదే న్యాయం. చేదెక్కిన పిండి, పాతవాసన కొట్టే నువ్వుల పొడి, పండక్కి బూరెలు వేయించి సీసాలో దాచిన నల్లనూనె, ఇవన్నీ ఆ కుప్పలోవే. నూనె మళ్ళీ మళ్ళీ మరిగితే చెడు పదార్థాలు పుడతాయి. ఒకసారి వేయించగా మిగిలినది ఒకటి రెండు రోజుల్లో తాలింపుకు వాడెయ్యాలి.

పురుగు కనబడగానే పప్పు పారేయనక్కరలేదు. కొద్దిగా ఉంటే ఎండబోసి, జల్లించి, చల్లారిన తరవాత డబ్బాకెత్తి ముందు అదే వాడుకోవచ్చు. వేడిగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు పాతదాని మీద గుమ్మరించకండి. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, కొత్తది అడుగున, పాతది పైన పొయ్యండి. డబ్బా మీద చిన్న కాగితం అంటించి కొన్న తారీఖు వ్రాస్తే సగం వాదాలు తీరుతాయి.

మా వాదం జాడీల దగ్గర వచ్చింది. మూడేళ్ళ నాటి చింతకాయ పచ్చడి జాడీ నేను చేతిలోకి తీసుకోగానే, "ఒరే, అది అక్కడ పెట్టు. జ్వరం వచ్చినవాడికి పాత చింతకాయ పచ్చడిని మించిన పథ్యం లేదు" అన్నది మా అమ్మ.

"ఇంట్లో జ్వరం ఎవరికీ లేదమ్మా. ఉన్నది నీకు రక్తపోటు."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆవిడ కొత్త కోడలు. నీళ్ళు తీసిన తరవాత ఇంట్లో తినడానికి మిగిలింది అటక మీద ఉన్నది మాత్రమేనట. "అప్పటినుంచీ నా ఇంట్లో అటక ఖాళీగా ఉండటం నేను చూడలేనురా" అన్నది. నలభై ఏళ్ళుగా చూస్తున్న జాడీల వెనక ఉన్న ఆ సంగతి అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు.

జాడీ పారేయలేదు. ఒప్పందానికి వచ్చాం. జాడీలు అటక మీద ఉంటాయి. భోజనాల బల్ల మీదకు మాత్రం రావు. వారానికొకసారి చిన్న గిన్నెలోకి తీస్తాం. ఆ గిన్నె అయిపోతే మళ్ళీ వారం దాకా లేదు. మజ్జిగ అన్నంలో నంచుకోవడానికి చెంచా కొసంత. మిగతా రోజుల్లో కరివేపాకు పొడి, నువ్వుల పొడి, అవిసెగింజల పొడి, ఉప్పు సగం వేసి కొట్టినవి. నాకు రుచి తెలియకపోయినా ఫరవాలేదుగాని, మనవడికి చప్పగా ఉండకూడదని ఆవిడ షరతు పెట్టింది. నిమ్మకాయ, ఇంగువ, వెల్లుల్లి ఆ లోటు చాలావరకు తీరుస్తున్నాయి.

ఏ అరలో ఏది?

కంటికి ఎదురుగా ఉన్న అరలో పెసలు, సెనగలు, బొబ్బర్లు, మినుములు, వేయించిన పల్లీలు ఉండాలి. గాజు సీసాలో కనబడుతూ ఉంటే నానబొయ్యాలని గుర్తొస్తుంది. పంచదార, మైదా, అప్పడాలు పై అరలోకి, ముక్కాలిపీట వేసుకొంటేగాని అందని చోటికి. బద్ధకం మనకు శత్రువని అంటారు గాని, ఇక్కడ అదే మనకు మిత్రుడు.

బియ్యానికి రెండు డబ్బాలు పెట్టండి. బాపట్లవారు 1986లో అందించిన సాంబ మసూరి రుచి మరిగిన నాలుక ఒక్కరోజులో దంపుడు బియ్యానికి ఒప్పుకోదు. రెండూ వేరువేరుగా ఉంచి, వారానికి రెండు పూటలతో మొదలుపెట్టండి. దంపుడు బియ్యంలో తవుడు పొర, దాంట్లో నూనె ఉంటాయి గనక త్వరగా ముక్కిపోతాయి. ఏడాదికి కాదు, నెలకు సరిపడానే కొనాలి. వండే ముందు నానబెట్టి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టాలి. పక్కన జొన్నలకు, రాగులకు ఒక డబ్బా. అవి మెట్టవాళ్ళ తిండి అని డెల్టా వాళ్ళం ఒకప్పుడు చిన్నచూపు చూచాం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక అవే మన దుకాణాల్లో బియ్యంకంటె ఎక్కువ ధరకు కూర్చున్నాయి!

ఇక పొట్లాలు. వాటిమీద వ్రాతకూ ఒక వ్యాకరణం ఉన్నది. దినుసుల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రావాలని నియమం. రాగి బిస్కెట్లని పైన పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో మొదటి మాట శుద్ధిచేసిన గోధుమపిండి అని ఉంటే అది మైదా బిస్కెట్టే. రాగి అక్కడ విశేషణం మాత్రమే. సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూచి రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది.

"ఇంటికి ఎవరైనా వస్తే ఏం పెడతావురా?" అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఉడికించిన సెనగల గుగ్గిళ్ళు, మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, అరటిపండు, చల్లటి మజ్జిగ పెట్టవచ్చు. పొట్లం చింపి పళ్ళెంలో పొయ్యడంకంటె ఇందులో మర్యాద ఎక్కువే.

ఖాళీ అల్మారా కూడా తగదు

ఇదంతా చదివి నిలవే వద్దంటున్నానని అనుకోకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. మేడ మీద చిక్కుకొన్న కుటుంబాలకు రోజుల తరబడి అల్మారాలో ఉన్నదే ఆధారం. నీరు తీసిన తరవాత వీధులనిండా తడిసిన బియ్యం బస్తాలు, పప్పు డబ్బాలు. వరద నీరు తగిలిన ధాన్యం, పిండి, మసాలాలు ఎండబెట్టినా తినడానికి పనికిరావు. ఆ నీటిలో మురుగు కలిసి ఉంటుంది.

అంచేత ప్రతి ఇంట్లోనూ పదిరోజులకు సరిపడా నిలవ, ఎత్తైన అరలో, గట్టి మూతల డబ్బాల్లో ఉండి తీరాలి. అటుకులు, పల్లీలు, వేయించిన సెనగపప్పు, బెల్లం, పాలపొడి, వంట అక్కరలేకుండా తినగలిగినవి కొన్ని. మూడు నెలలకొకసారి అవి దించి వాడుకొని, కొత్తవి పెట్టుకోవాలి. మా అమ్మ అటకకు ఇప్పుడు ఆ పని అప్పగించాం. తారీఖులు చూచి దించేది, మళ్ళీ నింపేది ఆవిడే. ఆ మాటకు ఆవిడ ముఖం విప్పారింది.

పాఠకులకు నేను కోరేది ఒక్కటే. వచ్చే ఒకటో తారీఖున దుకాణానికి ఫోను చేసేముందు, పోయిన నెల చీటీ తీసి ఇంట్లో ఎంతమంది ఉన్నారో దానితో భాగించి చూడండి. నూనె దగ్గర ఒక గీత, పంచదార దగ్గర ఒక గీత కొట్టి, పెసల దగ్గర అంకె కాస్త పెంచండి. అల్మారా మొత్తం ఒక్కరోజులో మారదు, మారనక్కర్లేదు. నెలకు ఒక అర చొప్పున సర్దుకొంటూ వెళితే, ఉగాది నాటికి ఎవరి ఇంటి లెక్క వారికి తేలిపోతుంది.